అమెరికాలో సరదా టార్గెట్ షూటింగ్ కోసం చౌకలో పాత మిలిటరీ రైఫిల్ కొనొచ్చా?

మీ ప్రశ్న నాకు అర్థమైనంతలో ఇది: డల్లాస్ దగ్గర ఉంటున్నారు, ఈమధ్యే గ్రీన్ కార్డు వచ్చింది, రెండు వందల డాలర్లలో రష్యా వాళ్ళ మోసిన్ లాంటి పాత సైనిక రైఫిల్ ఒకటి కొనుక్కుని వారాంతాల్లో కాగితం టార్గెట్ల మీద కాల్చుకోవాలని ఉంది. కొనొచ్చా, కొంటే ఏది?

కొనొచ్చండి. కాకపోతే ఆ ధరకి మంచి మోసిన్ దొరికే రోజులు పోయాయి. ఒకవేళ దొరికినా, అసలు కంటే కొసరే ఎక్కువవుతుంది. తుపాకీ ఒకసారి కొంటాం, తూటాలు వెళ్ళిన ప్రతిసారీ కొనాలి. నా దగ్గర మోసిన్ ఒకటి, ట్వంటీటూ, అంటే .22 క్యాలిబర్ రైఫిల్ ఒకటి ఉన్నాయి. షూటింగ్ రేంజ్‌కి బయల్దేరేటప్పుడు చాలాసార్లు కారెక్కేది రెండోదే.

ముందు చట్టం సంగతి. మనవాళ్ళు తడబడేది ఇక్కడే. గ్రీన్ కార్డు ఉన్నవాళ్ళు ఫెడరల్ చట్టం ప్రకారం రైఫిల్ కొనుక్కోవచ్చు. షాపులో 4473 అనే ఫారం నింపాలి, అందులో మీ గ్రీన్ కార్డు మీద ఉండే నంబరు కూడా రాయాలి. డ్రైవింగ్ లైసెన్స్ మీద ఇప్పటి అడ్రస్ ఉందో లేదో వెళ్ళేముందే చూసుకోండి. ఇల్లు మారి కార్డు మార్చుకోకపోతే అక్కడే ఆగిపోతారు. తర్వాత బ్యాక్‌గ్రౌండ్ చెక్. ఒక్కోసారి ఐదు నిమిషాల్లో అయిపోతుంది, ఒక్కోసారి 'డిలే' అని వస్తుంది. డిలే అంటే తిరస్కరించినట్టు కాదు, ఇంకా పరిశీలిస్తున్నారని. దానికి టెన్షన్ పడక్కర్లేదు.

హెచ్‌1బీ, ఎల్‌1, ఎఫ్‌1, హెచ్‌4 వాళ్ళ సంగతి వేరు. ఆ వీసాల మీద ఉన్నవాళ్ళు తుపాకీ గానీ తూటాలు గానీ కొనడమే కాదు, దగ్గర పెట్టుకోవడం కూడా ఫెడరల్ నేరం. ఏదైనా రాష్ట్రం ఇచ్చిన, గడువు తీరని వేట లైసెన్స్ ఉండటం లాంటి కొన్ని మినహాయింపులు ఉన్నాయి. 'దగ్గర పెట్టుకోవడం' అన్నదాంట్లో రేంజ్‌లో గంటసేపు అద్దెకి తీసుకోవడం కూడా పడుతుంది. థాంక్స్ గివింగ్ సెలవులకి వచ్చిన కజిన్ ఎఫ్‌1 మీద ఉంటే, 'ఒక్కసారి కాల్చి చూడరా' అని చేతికిచ్చే ముందు ఇది గుర్తుంచుకోండి. వాడి ఇమిగ్రేషన్‌కే ఎసరు. అలాగే సిటిజన్ అయిన స్నేహితుడు తన పేరు మీద కొని ఇంకొకరికి ఇవ్వడాన్ని ఇక్కడ స్ట్రా పర్చేజ్ అంటారు. 2022లో వచ్చిన చట్టం ప్రకారం దానికి 15 ఏళ్ళ దాకా జైలు పడొచ్చు. వీసా విషయంలో ఏమాత్రం అనుమానం ఉన్నా లాయర్‌ని అడగండి, షాపువాడిని కాదు.

టెక్సాస్‌లో రైఫిల్ కొనడానికి రాష్ట్రం తరఫున వేరే పర్మిట్ ఏమీ లేదు. న్యూజెర్సీలో పర్చేజర్ ఐడీ కార్డు, ఇల్లినాయ్‌లో ఫాయిడ్ అనే తుపాకీ యజమాని గుర్తింపు కార్డు ముందే ఉండాలి. కాలిఫోర్నియాలో పది రోజులు ఆగాలి, తూటాలకి కూడా చెక్ ఉంటుంది. న్యూజెర్సీ ఎడిసన్‌లోనో ఇల్లినాయ్ నేపర్‌విల్‌లోనో ఉన్నవాళ్ళు ఇది చదువుతుంటే టెక్సాస్ లెక్క మీకు పనికిరాదు.

ఇక మోసిన్. 1891లో జార్ల కాలంలో మొదలైన రైఫిల్ ఇది. ఇక్కడ ఎక్కువగా కనిపించేది 1930లో మార్పులు చేసిన 91/30 అనే రకం. రెండో ప్రపంచ యుద్ధంలో తూలా, ఇజెవ్‌స్క్ కర్మాగారాల్లో లక్షల మీద లక్షలు చేశారు. సోవియట్ యూనియన్ పడిపోయాక గోదాముల్లో గ్రీజు పూసి దాచినవన్నీ ఓడలెక్కి ఇక్కడికొచ్చాయి. 2000 తర్వాత చాలాకాలం వంద డాలర్ల లోపే అమ్మారు. పాత పోస్టుల్లో, వీడియోల్లో 'చవకలో మొదటి రైఫిల్ అంటే మోసినే' అని చెప్పేవాళ్ళంతా ఆ కాలం మనుషులు. ఇప్పుడు ఓ మాదిరి దానికే నాలుగు వందలు, ఆ పైన. రెండు వందలకి ఎవరైనా ఇస్తానంటే బ్యారెల్‌లోకి, అంటే గొట్టంలోకి, చూడకుండా డబ్బు తీయొద్దు.

తూటా పేరు 7.62×54ఆర్. అప్పట్లో 440 రౌండ్ల సీలు డబ్బాలు వచ్చేవి, వాటిని స్పామ్ క్యాన్ అంటారు. చవకగా ఉండేవి కాబట్టే ఈ సరదా అందరికీ అందింది. ఆ నిల్వలు కరిగిపోయాయి. 2021 సెప్టెంబరు నుంచి రష్యా తూటాలకి కొత్త దిగుమతి పర్మిట్లు కూడా ఆపేశారు. ఇప్పుడు సెర్బియా నుంచి వచ్చే ప్రీవీ పార్టిజాన్, చెక్ దేశపు సెలియర్ అండ్ బెలో లాంటివి కొనాలి. రౌండ్‌కి డాలరు అటూ ఇటూగా పడుతుంది. ఒక పూటకి నలభై రౌండ్లు కాలిస్తే నలభై డాలర్లు. ట్వంటీటూ రౌండ్ పది సెంట్ల లోపే దొరుకుతుంది, అదే డబ్బుకి నాలుగు వందల రౌండ్లు. టార్గెట్ షూటింగ్ చేతికి అలవాటయ్యేది రౌండ్లు కాలిస్తేనే కదా.

ఎవరి దగ్గరైనా పాత స్పామ్ క్యాన్ తూటాలు దొరికితే రెండు విషయాలు. చాలా రేంజ్‌లలో ఉక్కు కోర్ ఉన్న బుల్లెట్లు కాల్చనివ్వరు, లోపలికి వెళ్ళేముందు అయస్కాంతం పెట్టి చూస్తారు. అందుకని డబ్బా కొనే ముందే రేంజ్‌కి ఫోన్ చేసి కనుక్కోండి. రెండోది, వాటి ప్రైమర్, అంటే తూటా అడుగున నిప్పు పుట్టించే మందు, కొరోసివ్, అంటే తుప్పు పట్టించే రకం. కాల్చాక బ్యారెల్‌లో పొటాషియం క్లోరైడ్ అనే లవణం మిగులుతుంది. అది ఉప్పులాగే గాలిలో తేమని లాక్కుంటుంది, బ్యారెల్ తుప్పు పడుతుంది. మామూలు నూనె సాల్వెంట్లకి ఆ లవణం కరగదు, నీళ్ళకే కరుగుతుంది. నేను ఇంటికి రాగానే బోల్ట్, అంటే తూటాని లోపలికి తోసి మూసే కడ్డీ, తీసేసి, కెటిల్‌లో నీళ్ళు మరిగించి, చిన్న గరాటు పెట్టి తూటా కూర్చునే చాంబర్ వైపు నుంచి పోస్తాను. నీళ్ళు అవతలి కొస నుంచి మొదట బూడిద రంగులో వస్తాయి, తర్వాత తేటగా. బ్యారెల్ చెయ్యి కాలేంత వేడెక్కుతుంది కాబట్టి లోపలి తడి దానంతటదే ఆరిపోతుంది. ఆపైన పొడి గుడ్డ, చివరికి నూనె. బోల్ట్ ముఖం కూడా కడగాలి, చాలామంది దాన్ని వదిలేస్తారు. కొందరు కిటికీ అద్దాలు తుడిచే విండెక్స్ కొట్టమంటారు, అందులో పని చేసేది కూడా నీళ్ళే. ఇదంతా ఆ రోజే జరగాలి. రేపు చూద్దాంలే అనుకునే స్వభావం మీదైతే కొరోసివ్ తూటాల జోలికి పోవద్దు.

షాపులో చూసుకోవాల్సింది ఇలా. తుపాకీ చేతికి రాగానే ఖాళీయో కాదో మీరే బోల్ట్ తెరిచి చూడండి. షాపువాడు చూపించినా మళ్ళీ చూడండి, వాళ్ళు తప్పు పట్టరు, పైగా మెచ్చుకుంటారు. 'బోల్ట్ తీసి బ్యారెల్ చూడొచ్చా' అని అడిగి ఒక కొస నుంచి ఫోన్ లైటు వేయించి రెండో కొస నుంచి చూడండి. లోపల మెలికలు తిరిగిన గాళ్ళు, అంటే చెక్కిన గాడులు, పదునుగా, మెరుస్తూ కనిపించాలి. కొంచెం నల్లగా ఉంటే కంగారు పడొద్దు, శుభ్రం చేస్తే పోవచ్చు. గాళ్ళ అంచులు అరిగి గుండ్రంగా మారినా, గుంటలు పడినా వదిలేయండి. మూతి దగ్గర కొద్ది దూరం గాళ్ళు లేకుండా నున్నగా ఉంటే దాన్ని కౌంటర్‌బోర్ అంటారు. మూతి అరిగిపోయిన తుపాకీని సైనిక డిపోలో అలా బాగుచేసేవాళ్ళు, అది లోపం కాదు. బోల్ట్ మీదా బ్యారెల్ మొదట్లోనూ నంబర్లు ఒకటేనా అని చూడండి. బోల్ట్ నంబర్ వేరైతే కాల్చే ముందు గన్‌స్మిత్ దగ్గర హెడ్‌స్పేస్, అంటే బోల్ట్ ముఖానికీ చాంబర్‌లో తూటా ఆగే చోటుకీ మధ్య దూరం, కొలిపించాలి.

కొన్నాక ఎదురయ్యేవి కూడా చెప్తాను. ఐదారు రౌండ్లకే బోల్ట్ పైకి లేవకుండా బిగుసుకుంటుంది, అరచేత్తో గుద్దితే గానీ తెరుచుకోదు. చాలావరకు కారణం చాంబర్‌లో ఎండిపోయిన పాత గ్రీజు, కాస్మోలిన్ అంటారు. వేడికి అది మళ్ళీ జిగురవుతుంది. బ్రష్, సాల్వెంట్ పెట్టి చాంబర్‌ని బాగా రుద్దితే సగం బాధ తీరుతుంది. వంద గజాల దగ్గర గుండు మీరు గురిపెట్టిన చోటికి పైన పడుతుంది. సోవియట్ సైనికులు బయోనెట్ తగిలించి కాల్చేవాళ్ళు, గురి చూసే సైట్లు కూడా దానితోనే సరిచేసేవాళ్ళు. చాలామంది ముందు సైట్ మీద కరెంటు వైరు తొడుగు ముక్క ఎక్కించి దాన్ని కాస్త ఎత్తు చేస్తారు. వినడానికి నవ్వొస్తుంది గానీ పనిచేస్తుంది. తుపాకీ వెనక భుజానికి ఆనేది ఉక్కు పలక, పైగా టెక్సాస్ ఎండకి పల్చటి టీషర్ట్ వేసుకుని వెళ్తాం, సాయంత్రానికి భుజం కమిలిపోతుంది. దెబ్బ తగులుతుందని ముందే ఒళ్ళు బిగబట్టడం మొదలవుతుంది, ఆ అలవాటు పడితే గురి కుదరదు. కొత్తవాళ్ళకి ముందు ట్వంటీటూ అని నేను మొండిగా చెప్పేది డబ్బు కోసం ఎంతో దీనికోసం కూడా అంతే.

పాత తూటా ట్రిగ్గర్ నొక్కగానే క్లిక్ మని పేలకపోతే వెంటనే బోల్ట్ తెరవొద్దు. కనీసం ముప్పై సెకన్లు టార్గెట్ వైపే పెట్టి ఆగండి. ఆలస్యంగా పేలేవి ఉంటాయి.

ట్వంటీటూల్లో రూగర్ 10/22 అందరికీ తెలిసిందే, 1964 నుంచి వస్తోంది, విడిభాగాలు ఎక్కడైనా దొరుకుతాయి. బోల్ట్ రైఫిలే కావాలంటే సావేజ్ మార్క్ 2 చూడండి. పాత సైనిక వాసన కూడా ఉండాలంటే రొమేనియాలో ట్రైనింగ్ కోసం చేసిన ఎం69 అని ఒక ట్వంటీటూ ఉంది. చెక్క పాతది, గీతలుంటాయి, కానీ చక్కగా కొడుతుంది. మీ బడ్జెట్‌కి అది సరిపోవచ్చు, పాత సామాను అమ్మే గన్ షోలలో అడగండి.

సైన్యాలు వదిలించుకున్న మిగతా సర్ప్లస్ రైఫిళ్ళలో స్విస్ కే31 చాలా కచ్చితమైనది, దాని తూటా ఖరీదు కూడా అలాగే ఉంటుంది. అమెరికా సైన్యం పాత రైఫిల్ గారండ్ కావాలంటే సీఎంపీ అనే సంస్థ అమ్ముతుంది, కానీ వాళ్ళు చట్టప్రకారం సిటిజన్లకే అమ్మాలి, గ్రీన్ కార్డు చాలదు. మనకి మనసు లాగేది లీ ఎన్‌ఫీల్డ్. చిన్నప్పుడు బ్యాంకు ముందు, పోలీస్ స్టేషన్ ముందు కానిస్టేబుల్ భుజాన చూసిన త్రీ నాట్ త్రీ అదే. బెంగాల్‌లోని ఇషాపూర్ ఫ్యాక్టరీలో 1960లలో 7.62 నాటో తూటాకి సరిపడేలా చేసిన 2ఏ1 అనే రకం ఇక్కడి షాపుల్లో అప్పుడప్పుడు కనిపిస్తుంది. .303 తూటా కంటే ఆ తూటా తేలిగ్గా దొరుకుతుంది. మోసిన్‌కి పెట్టే డబ్బుకి ఇంకొంచెం కలిపి నేనైతే ఇదే కొంటాను, ఇందులో మాత్రం నాది కొంత ఊరి మమకారమే.

ఇంట్లో పిల్లలుంటే ఒక సౌలభ్యం ఉంది. బోల్ట్ రైఫిల్ నుంచి బోల్ట్ క్షణంలో బయటికి వస్తుంది. దాన్ని ఒక చోట, తుపాకీని ఇంకో చోట, తూటాలని మరో చోట, మూడింటికీ తాళాలు వేసి పెట్టండి. రేంజ్‌లో చెవులకి ఇయర్ ప్లగ్స్ పెట్టుకుని వాటిపైన చెవులు కప్పే మఫ్స్ కూడా వేసుకోండి, మోసిన్ మోత ఒక్కదానితో ఆగేది కాదు. కళ్ళద్దాలు తప్పనిసరి. తిరిగొచ్చాక సీసం పోయేలా చేతులు కడుక్కున్నాకే తిండి.

హైదరాబాద్‌లోనో విజయవాడలోనో ఉండి ఇదే సరదా ఉన్నవాళ్ళకి ఒక మాట. అక్కడ పాత సైనిక రైఫిల్ కొనే దారి దాదాపు లేదు. .303 సామాన్యులకి నిషిద్ధ బోర్, అంటే వాళ్ళు ఉంచుకోకూడని తూటా సైజు, లైసెన్స్ వచ్చినవాళ్ళు కూడా .315 లాంటివే కొనాలి, ఆ లైసెన్స్ కూడా అంత తేలిగ్గా రాదు. 20 జూల్స్ లోపు శక్తి ఉన్న .177 ఎయిర్ రైఫిల్‌కి మాత్రం ఆయుధ లైసెన్స్ అక్కర్లేదు. 2012 లండన్ ఒలింపిక్స్‌లో గగన్ నారంగ్ కాంస్యం తెచ్చింది పది మీటర్ల ఎయిర్ రైఫిల్‌లోనే. గుండు గింజలు చవక, ఇంటి దగ్గర కోచింగ్ ఇచ్చే రేంజ్ ఉంటే ముందు అక్కడి రైఫిల్‌తోనే నేర్చుకుని, తర్వాత సొంతది కొనుక్కోవచ్చు.