పచ్చచీర ఏ రంగు?

సందేహం: నా కథలో పెళ్లికూతురు 'పచ్చచీర' కట్టుకుంది. నా ఉద్దేశం పసుపు రంగు. బొమ్మ వేసినాయన ఆకుపచ్చ చీర వేశారు. 'పసుపుపచ్చ' అని రాయాల్సింది అంటున్నారు. పసుపన్నా పచ్చన్నా ఒకటే కదా, కలిపితే పునరుక్తి కాదా? అసలు రెండు రంగులకు ఒకే మాట ఏమిటి? మన పూర్వులకు తేడా తెలియదా?
– ఒక పాఠకురాలు, తెనాలి

సమాధానం: చివరి ప్రశ్న ముందు. తేడా బాగానే తెలుసు. హోమర్ కావ్యాల్లో రంగుల మాటలు తక్కువని, ప్రాచీన గ్రీకులకు రంగులు సరిగ్గా తెలిసేవి కావని 1858లో గ్లాడ్‌స్టన్ వాదించాడు (తర్వాత బ్రిటన్ ప్రధాని అయినాయనే). పేరు లేనంత మాత్రాన చూపు లేనట్టా? చేను ఇంకా పచ్చగా ఉందో, కోతకొచ్చిందో తెలియని రైతు ఉంటాడా?

రంగుల మాటలను చుక్కల్లా కాదు, పొలంలో మళ్ళలా ఊహించుకోండి. మనసులో రంగులు చక్రంలా కూర్చుంటాయి: ఎరుపు, నారింజ, పసుపు, ఆకుపచ్చ, నీలం, ఊదా, మళ్ళీ ఎరుపు. ఎంత ముదురు, ఎంత వెలుగు అనేవి ఇంకో రెండు దిక్కులు. ఈ జాగాలో ఒక్కో మాటకు ఒక్కో మడి. స్వీడన్ పండితుడు పీటర్ గార్డెన్‌ఫోర్స్ 2000లో వచ్చిన తన పుస్తకంలో దీనికొక షరతు పెట్టాడు. రెండు చోట్లు ఒక మాట కిందికి వస్తే, వాటి నడుమ ఉన్నదంతా కూడా ఆ మాట కిందికే రావాలి. మన పచ్చను ఇలా పరీక్షించండి. ఒక చివర పసుపుకొమ్ము, ఇంకో చివర తమలపాకు. నడుమ చిలకపచ్చ. అదీ పచ్చే! అంటే 'పచ్చ'కు రెండు అర్థాలు లేవు, ఉన్నది ఒకటే పెద్ద మడి. ఎరుపునూ ఆకుపచ్చనూ కలుపుకుని, మధ్యలో పసుపును వదిలేసిన మాట ఏ భాషలోనూ నాకింతవరకు తగల్లేదు.

పచ్చగడ్డి, పచ్చకామెర్లు ఆ మడిలోవే. రైల్వే పచ్చజెండా ఆకు రంగు, రాజకీయాల్లో పచ్చచొక్కా మాత్రం పసుపు రంగు. వియత్నాం వాళ్ళకు నీలానికీ ఆకుపచ్చకూ ఒకటే మాట. తేడా చెప్పాల్సొస్తే పక్కన 'ఆకు' అనో 'ఆకాశం' అనో చేరుస్తారు. మనమూ అంతే. 'పసుపుపచ్చ'లో పసుపు రంగు పేరు కాదు, వంటింటి పసుపు. పసుపు వంటి పచ్చ. పునరుక్తి కాదు, పెద్ద మడిలో వేసిన గట్టు.

దేని గురించి అంటున్నామో దాన్నిబట్టి కూడా మాట మడి మారుతుంది. 'పిల్ల ఎర్రగా ఉంటుంది' అంటే కుంకుమ రంగని ఎవరూ అనుకోరు. మనుషుల ఒంటి రంగులు ఈ చక్రంలో ఓ చిన్న మూల. ఆ మూలలోనే నలుపు, చామనఛాయ, ఎరుపు అని పంచేసుకున్నాం. (సంబంధాలు చూసేటప్పుడు ఆ మాటే ఎత్తకపోతే ఇంకా బాగుంటుంది, అది వేరే సంగతి.) తెల్లద్రాక్ష మాత్రం తెల్లగా ఉంటుందా?

పసుపు, పసిడి, పసరు, పచ్చి అన్నీ పచ్చకు తోబుట్టువులే. వీటిలో పచ్చిది విచిత్రమైన కథ. మామిడికాయలో రంగూ పక్వమూ జంటగా నడుస్తాయి, పచ్చగా ఉందంటే పండలేదని. అలా మాట పక్వం వైపు జరిగింది. పచ్చిపాలకు వచ్చేసరికి రంగు పోయి, నిప్పు తగలకపోవడం మిగిలింది. పచ్చి అబద్ధంలో అదీ లేదు, ఏ మరుగూ లేనితనమే ఉంది. ఇక్కడికొచ్చాక ఈ మళ్ళ లెక్క ఎంతవరకు పనికొస్తుందో నాకు అనుమానమే. కాయ పక్వానికి కొలబద్ద గీయొచ్చు. అబద్ధం ఎంత పచ్చిదో దేంతో కొలుస్తాం?

ఇక మీ చీర. మీ వాడుక తప్పు కాదు. కానీ పసుపు వైపు భాగాన్ని 'పసుపు' అనే మాట ఇప్పుడు చాలావరకు లాగేసుకుంది కాబట్టి, చీర విషయంలో ఉత్త 'పచ్చ' అంటే ఎక్కువమందికి ఆకుపచ్చే తడుతుంది. బొమ్మ వేసినాయనకూ అదే తట్టింది. నిస్సంకోచంగా 'పసుపుపచ్చ' అని రాసేయండి. అంచు రంగు కూడా చెబితే ఆయనకు ఇంకా సుఖం.