ఇరవై అంకెల పద్యం

చిరంజీవి అమ్మాయికి ఆశీస్సులు.

నీ వ్యాసం రెండుసార్లు చదివాను. చదరంగం పలక మీద మొదటి గడిలో ఒక గింజ, రెండో గడిలో రెండు, మూడో దాంట్లో నాలుగు... ఎన్నిసార్లు విన్నా నాకు ఇష్టమైన కథ. కానీ 64 గళ్ళూ నిండాక మొత్తం ఎన్నో చెప్పాల్సిన చోట "ఊహకందని సంఖ్య" అని రాసి ముందుకెళ్ళిపోయావు. ఆగాల్సింది అక్కడేనమ్మా.

ఆ సంఖ్య 18446744073709551615. దీన్ని తెలుగులో గణితం రాసిన కవి పావులూరి మల్లన ఏనాడో, ఒక్కో అంకెకి ఒక్కో మాట వాడి, ఒక చంపకమాలలో పెట్టాడు. "శర శశి షట్క చంద్ర శర సాయక" అని మొదలవుతుంది. శరాలంటే మన్మథుడి బాణాలు, 5. శశి ఒక్కడే, 1. షట్కం 6. మళ్ళీ చంద్రుడు 1. శర, సాయక రెండూ బాణాలే, 5, 5. వీటిని కుడి నుంచి ఎడమకి పేర్చు. 551615 వస్తుంది. సంఖ్య చివరి ఆరు అంకెలు చూసుకో! సున్నా కావలసిన రెండు చోట్లా ఆకాశం వస్తుంది, వియత్తు అని ఒకసారి, గగనం అని ఒకసారి. ఇరవై అంకెల్లో ఒక్కటీ తప్పలేదు, గణం తప్పలేదు, యతి తప్పలేదు. ఆ పద్యం విప్పుకున్న రోజు నాకు రాత్రి నిద్ర పట్టలేదు.

ఆయన సంఖ్య పెద్దదని ఆశ్చర్యపోతూ కూర్చోలేదు, దాని లోపలికి వెళ్ళాడు. నువ్వూ వెళ్ళు. కాగితం తీసుకుని అంకెలన్నీ కూడితే 87 వస్తుంది. 87ని 3 భాగిస్తుంది కాబట్టి సంఖ్యనీ భాగిస్తుంది. చివర 5 ఉంది కాబట్టి 5 కూడా. ఇంకా లోతుకి దిగితే 17, 257, 641, 65537, 6700417. ఈ ఏడు ప్రధాన సంఖ్యల లబ్ధమే మన గింజల లెక్క. వీటిలో 641కి ఒక కథ ఉంది. 4294967297 ప్రధాన సంఖ్యే అని గణితవేత్త ఫెర్మా నమ్మాడు. 1732లో ఆయిలర్ అనే మరో గణితవేత్త దాన్ని 641తో భాగించి చూపించాడు, భాగఫలం 6700417. ఆ రెండూ మన గింజల్లో దాక్కుని ఉన్నాయంటే పాఠకుడు లేచి కూర్చోడూ?

గింజల కథ చదివే పిల్లలకి ఇంకొకటి చెప్పు. చివరి గడిలో ఉన్నవి, అంతకుముందు 63 గళ్ళలో ఉన్నవన్నీ కలిపినా వాటికంటే ఒక్క గింజ ఎక్కువ. 1, 2, 4 కూడితే 7, తర్వాతి గడిలో 8. ఇది వేళ్ళ మీద లెక్కపెట్టుకోవచ్చు. వ్యాసం దీనితోనే మొదలుపెట్టమంటాను.

ఒక తప్పు కూడా దొర్లింది. కింద పట్టికలో మొత్తం 616తో ముగిసింది. అది 65వ గడిలో పడాల్సిన గింజల లెక్క, అసలు పలక మీద లేని గడి. ఒకటి తీసెయ్యి.

టెన్షన్ పడకు, తొందరేం లేదు. కొత్త ప్రతి పంపేటప్పుడు నువ్వు చేత్తో వేసిన లెక్కల కాగితం కూడా జతచెయ్యి. ముందు అదే చదువుతాను.