దమ్ము జబ్బులో కాళ్ల బలానికి ఏ పొడి మంచిది?

ప్రశ్న: డాక్టరు గారూ, మా నాయనకు 64 ఏళ్లు. ఎనుమాముల మార్కెట్‌లో హమాలీగా పనిచేశారు. బీడీలు మానేసి రెండేళ్లయింది. దమ్ముకు కారణం సీఓపీడీ (ఊపిరి గొట్టాలు ఇరుకైపోయే దీర్ఘకాలిక ఊపిరితిత్తుల జబ్బు) అని తేలింది. ఇన్‌హేలర్ వాడుతున్నా తొడలు సన్నబడుతున్నాయి. మెట్లెక్కితే ఊపిరికన్నా ముందు కాళ్లే ఆగిపోతున్నాయి. బీపీ మాత్ర కూడా వేసుకుంటారు. ఒకరు కండబలానికి వాడే క్రియాటిన్ పొడి, మరొకరు బీట్‌రూట్ రసం ఇవ్వమంటున్నారు. ఏది మంచిది?
– ఒక పాఠకుడు, హన్మకొండ

జవాబు: ఆయాసానికి భయపడి మనిషి నడక తగ్గిస్తాడు, నడక తగ్గేకొద్దీ కండ కరుగుతుంది, కరిగిన కండ త్వరగా అలసి ఆయాసాన్ని ఇంకా పెంచుతుంది. పొగ వల్ల రక్తనాళాల లోపలి పొర దెబ్బతిని, అవసరమైనప్పుడు నాళాలు తగినంత విచ్చుకోకపోవడం దీనికి తోడవుతుంది.

క్రియాటిన్‌ను సీఓపీడీ రోగులకు వ్యాయామంతో కలిపి ఇచ్చి చూశారు. వ్యాయామం ఒక్కటే చేసినవారికన్నా వారి నడక మెరుగుపడలేదు. ఆ డబ్బా కొనకండి.

బీట్‌రూట్ సంగతి వేరు. అందులోని నైట్రేట్‌ను నోటిలోని బ్యాక్టీరియా నైట్రైట్‌గా మారుస్తుంది. అది ఒంట్లో నైట్రిక్ ఆక్సైడ్‌గా మారి నాళాలను వదులు చేస్తుంది. లండన్‌లోని ఇంపీరియల్ కాలేజీ పరిశోధకులు 81 మంది సీఓపీడీ రోగుల్లో కొందరికి రోజూ 400 మిల్లీగ్రాముల నైట్రేట్ ఉన్న 70 మిల్లీలీటర్ల చిక్కటి రసాన్ని, మిగిలినవారికి నైట్రేట్ తీసేసిన రసాన్ని 12 వారాలు ఇచ్చారు. మొదటివారిలో పై బీపీ సగటున 4.5 పాయింట్లు తగ్గింది, ఆరు నిమిషాల్లో నడిచే దూరం దాదాపు 30 మీటర్లు పెరిగింది. అయితే వారంతా పై బీపీ 130 దాటినవారే. పైగా మనం ఇంట్లో తీసే రసంలో నైట్రేట్ ఎంత ఉంటుందో చెప్పలేం. మీ నాన్నగారు బీపీ మాత్ర వేసుకుంటున్నారు కనుక, డాక్టరుకు చెప్పి, వారానికి రెండుసార్లు బీపీ చూస్తూ ఇవ్వవచ్చు. మూత్రపిండాల్లో రాళ్లు ఉన్నవారికి మాత్రం వద్దు. మూత్రం ఎర్రబడితే కంగారుపడకండి, అది రసం రంగే. బ్యాక్టీరియాను చంపే మౌత్‌వాష్ వాడితే మాత్రం రసం తాగిన ఫలితం చాలావరకు పోతుంది.

కండ పెరగడానికి అసలు మందు వ్యాయామమే. కుర్చీలోంచి చేతుల ఆసరా లేకుండా లేచి కూర్చోవడం రోజూ పదిసార్లతో మొదలుపెట్టించండి. సాయంత్రం భద్రకాళి బండ్ మీద ఆగుతూ ఆగుతూ నడిపించండి. మూత్రపిండాలు బాగుంటే కిలో బరువుకు 1.2 నుంచి 1.5 గ్రాముల ప్రోటీన్ అందాలి. 50 కిలోల మనిషికి కనీసం 60 గ్రాములు. గుడ్లు, పప్పు, పెరుగు, కోడికూర కలిపితే పొడి లేకుండానే ఇది సమకూరుతుంది. ఒకేసారి కడుపునిండా తింటే ఆయాసం పెరుగుతుంది కనుక కొంచెం కొంచెంగా ఐదారుసార్లు పెట్టండి. విటమిన్ డి రక్తపరీక్షలో తక్కువని తేలితేనే వేయండి.