ఓడలో తప్పు జరిగితే మావాడిని జైల్లో వేస్తారా?

ప్రశ్న: మాది ప్రొద్దుటూరు. మావాడు ఇంటర్ ఎంపీసీ రెండో సంవత్సరం. మర్చంట్ నేవీకే పోతానని పట్టుబట్టాడు. ఓడ పోర్టులోకి వచ్చేటప్పుడు సెక్యూరిటీ రూల్స్ తప్పితే విదేశాల్లో కేసు పెట్టి లోపలేస్తారని మా బామ్మర్ది చెప్పినప్పటి నుంచి ఇంట్లో ఒకటే టెన్షన్. పంపించమంటారా?

జవాబు: మీ బామ్మర్ది చెప్పింది అబద్ధం కాదు, కానీ సగమే చెప్పాడు. ఎవరిని, ఏం చేస్తే లోపలేస్తారో కూడా తెలియాలి.

2001లో అమెరికాపై దాడులు జరిగాక ఓడల భద్రతకు ఐఎస్‌పీఎస్ కోడ్ అని ఒకటి తెచ్చారు. 2004 జూలై 1 నుంచి అమల్లో ఉంది. దీని ప్రకారం విదేశాలకు తిరిగే ఓడకు సెక్యూరిటీ సర్టిఫికెట్ ఉండాలి, ఓడలో ఒక సెక్యూరిటీ ఆఫీసర్ ఉండాలి. అంతకుముందు ఆగిన పది పోర్టుల వివరాలు అడిగితే చూపాలి. అమెరికా వెళ్లే ఓడ మామూలుగా 96 గంటల ముందే తన రాకను, సిబ్బంది వివరాలను తెలపాలి.

లోపం కనపడితే వెంటనే ఎవరికీ బేడీలు వేయరు. ముందు ఓడను తనిఖీ చేస్తారు, ఆపేస్తారు, లేదా లోపలికే రానివ్వరు. ఆ నష్టం కంపెనీది. తెలిసి తెలిసి రూల్ తప్పినా, తప్పుడు సమాచారం ఇచ్చినా అప్పుడు క్రిమినల్ కేసు. అమెరికా చట్టంలో అది జైలు పడే నేరమే. రాకను తెలపడం, పోర్టులోకి తేవడం కెప్టెన్, కంపెనీ, ఏజెంటు చూసుకునే పనులు. నిన్నగాక మొన్న శిక్షణ కోసం ఎక్కిన క్యాడెట్‌ను వాటికి బాధ్యుణ్ణి చేయరు.

అలాగని మీవాడికి ఏ పూచీ లేదనుకోవద్దు. ఓడ పోర్టులో ఉన్నప్పుడు గ్యాంగ్‌వే దగ్గర, అంటే ఓడెక్కే మెట్ల దగ్గర, కాపలా డ్యూటీ క్యాడెట్లకూ పడుతుంది. వచ్చినవాళ్ల గుర్తింపు కార్డు చూడాలి, పేరు, టైము రిజిస్టర్‌లో రాయాలి. బయల్దేరే ముందు ఎవరైనా దొంగతనంగా ఎక్కి దాక్కున్నారేమోనని వెతకాలి. వెతక్కుండానే వెతికామని సంతకం పెట్టడమే అసలు ప్రమాదం. పై ఆఫీసర్ చెప్పినా సరే, చూడనిది చూశానని రాయొద్దని ఇప్పుడే చెప్పి పెట్టండి. ఇంకొకటి, చాలా పోర్టుల్లో అనుమతి లేకుండా ఫొటోలు తీయకూడదు. ఈ రీల్స్ పిచ్చి ఉన్న వయసు కదా, అది కూడా చెవిన వేయండి.

నన్నడిగితే మన కడప వైపు పిల్లలకు ఓడ ఎక్కాక కంటే ఎక్కకముందే ముప్పు ఎక్కువ. నెల రోజుల్లో ఓడెక్కిస్తామని లక్షలు గుంజే ఏజెంట్లున్నారు. నకిలీ సీడీసీతోనో (ఓడలో పనిచేసేవాళ్లకు ఇచ్చే గుర్తింపు పుస్తకం), నకిలీ కోర్సు సర్టిఫికెట్‌తోనో దొరికితే మాత్రం క్యాడెట్ కదా అని ఎవరూ వదలరు. ఆ కాగితం మీద ఉండేది వాడి పేరే.

కాబట్టి దారి తప్పొద్దు. ఇండియన్ మారిటైం యూనివర్సిటీ సెట్ రాయించండి. కెప్టెన్ కావాలంటే ఏడాది డీఎన్ఎస్ (నాటికల్ సైన్స్ డిప్లొమా) లేదా మూడేళ్ల నాటికల్ సైన్స్ డిగ్రీ, ఇంజిన్ వైపైతే నాలుగేళ్ల మెరైన్ ఇంజినీరింగ్. ఫీజు కట్టకముందే కంటి పరీక్ష, ముఖ్యంగా రంగుల పరీక్ష చేయించండి. ఉద్యోగం ఇప్పించే ఏజెన్సీకి ఆర్‌పీఎస్ఎల్ అనే ప్రభుత్వ లైసెన్సు ఉందో లేదో, ఓడల వ్యవహారాలు చూసే కేంద్ర సంస్థ డీజీ షిప్పింగ్ వెబ్‌సైట్‌లో చూడండి. లైసెన్సు ఉన్నా సరే, ఉద్యోగం ఇప్పించినందుకు పిల్లాడి దగ్గర డబ్బు తీసుకోకూడదు. అడిగితే లేచి వచ్చేయండి.