రాత్రి 7 గంటల జిమ్‌కు ముందు ప్రీ-వర్కౌట్ పొడి అవసరమా?

ఆఫీసు ముగించుకుని రాత్రి 7 గంటలకు జిమ్‌కు చేరేసరికి ఒంట్లో సత్తువ ఉండటం లేదని, వ్యాయామానికి ముందు నీళ్లలో కలుపుకుని తాగే ప్రీ-వర్కౌట్ పొడి డబ్బా కొనమని కోచ్ చెబుతున్నారని, కొనాలా వద్దా అని మీరు అడిగారు. నేనూ మాదాపూర్‌లో ఉద్యోగం చేస్తూ చాలాకాలం అదే వేళకు వ్యాయామం చేసినవాణ్ని కనుక సూటిగా చెబుతున్నాను: ఆ వేళకు ఆ డబ్బా వద్దు.

అందులో పనిచేసే ప్రధాన పదార్థం కెఫీన్, అది పనిచేసే మాట నిజమే. మెదడులో అలసటను తెలియజేసే అడినోసిన్ చేరవలసిన చోట్లను అది ముందుగా ఆక్రమిస్తుంది కాబట్టి, అదే బరువు ఎత్తినా శ్రమ తక్కువగా తోస్తుంది. పరిశోధనల్లో సాధారణంగా వాడే మోతాదు శరీర బరువులో కిలోకు 3 నుంచి 6 మిల్లీగ్రాములు, అదీ వ్యాయామానికి సుమారు గంట ముందు. అయితే తీసుకున్న కెఫీన్‌లో సగం శరీరం నుంచి పోవడానికే చాలామందిలో 5 గంటల వరకు పడుతుంది. సాయంత్రం 6 గంటలకు 200 మిల్లీగ్రాములు తీసుకుంటే రాత్రి 11 గంటలకు ఇంకా 100 మిగిలి ఉంటుంది, అంటే పక్క ఎక్కబోతూ ఒక గట్టి కాఫీ తాగినట్టే. నిద్ర పట్టినా అది గాఢంగా ఉండదు. కండరాలు కోలుకోవలసింది ఆ నిద్రలోనే కనుక, నా దృష్టిలో ఈ నష్టం ముందు జిమ్‌లో దక్కే ఆ కాస్త ఉత్సాహం చాలా చిన్నది.

ఆ పొడి తాగాక ముఖం, చేతులు చిమచిమలాడటం అందులో కలిపే బీటా అలనిన్ అనే అమైనో ఆమ్లం వల్ల. అది మందు పనిచేస్తున్న గుర్తు అని జిమ్‌లలో చెప్పుకుంటారు గాని, ఆ పదార్థం ఫలితం వారాల తరబడి రోజూ తీసుకుంటేనే కనిపిస్తుంది. కండరాలకు బలమిచ్చే క్రియాటిన్ అనే పదార్థం కూడా అంతే. రోజుకు 3 నుంచి 5 గ్రాములు ఏ వేళకు తీసుకున్నా సరిపోతుంది, విడిగా కొంటే చవక కూడా. నేను ఇప్పటికీ వాడుతున్నది అదొక్కటే. కంపెనీ చేయించే హెల్త్ చెకప్‌లో దీనివల్ల కిడ్నీల పనితీరు తెలుసుకోవడానికి చూసే క్రియాటినిన్ కొంత ఎక్కువగా కనిపించవచ్చు, కాబట్టి వాడుతున్న సంగతి డాక్టరుకు ముందే చెప్పండి.

మధ్యాహ్నం ఒంటి గంటకు భోంచేసి రాత్రి 7 వరకు ఏమీ తినకపోతే నీరసం రాక మానదు. 5 గంటలకు రెండు ఇడ్లీలో, రెండు అరటిపండ్లో తిని, నీళ్లు తాగి వెళ్లి చూడండి. నాకు పొడి కంటే ఇదే ఎక్కువ ఉపయోగపడింది. ఉదయం 6 గంటలకు వ్యాయామం చేయగలిగితే మాత్రం ముందుగా ఒక బ్లాక్ కాఫీ నిరభ్యంతరంగా తాగవచ్చు. ఫిల్టర్ కాఫీ పొడిలో చికోరీ ఎంత ఎక్కువ ఉంటే కెఫీన్ అంత తక్కువని గుర్తుంచుకోండి.

ఆరోగ్యవంతులైన పెద్దవారికి కూడా అన్నీ కలిపి రోజుకు 400 మిల్లీగ్రాముల కెఫీన్ దాటకూడదు, ఆఫీసులో తాగే టీలన్నీ ఆ లెక్కలోకే వస్తాయి. రక్తపోటు గాని, గుండెదడ గాని ఉంటే డాక్టరును అడగకుండా అసలు మొదలుపెట్టవద్దు. ఏ పదార్థం ఎంత ఉందో విడివిడిగా ముద్రించని డబ్బాను, కోచ్ ఎంత నమ్మకంగా చెప్పినా, కొనకండి.