స్పృహ లేని మనిషికి వీడియో కాల్‌లో మాటలు వినపడతాయా?

వినపడే అవకాశం ఉంది, కాబట్టి చివరి గంటల్లో కూడా కాల్ కలపడం వృథా కాదు. పలకలేని స్థితికి చేరినవారిలో కొందరి మెదడు శబ్దాలకు స్పందిస్తున్నట్టు ఈఈజీ (మెదడులోని విద్యుత్ సంకేతాలను నమోదు చేసే) పరీక్షల్లో కనిపించింది. మాట అర్థమవుతోందా అన్నది మాత్రం వాటితో తేలదు. ఉద్దానంలో తల్లి మంచాన ఉంది, కొడుకు కువైట్‌లో ఉన్నాడనుకోండి. ఫోన్ ఆమె చెవి దగ్గర పెడితే "అమ్మా, నేనే" అని అతను నెమ్మదిగా మాట్లాడాలి. సిగ్నల్ సరిగా లేకపోతే వీడియో ఆపేసి గొంతు ఒక్కటే ఉంచండి. ఊపిరిలో గరగర చప్పుడు ఉంటే అతనికి ముందే చెప్పండి, లేకపోతే అంత దూరంలో ఒకటే టెన్షన్. గొంతులో చేరిన తడిని మింగలేకపోవడం వల్ల వచ్చేదది. సాధారణంగా ఆమెకు దానివల్ల బాధ ఉండదంటారు వైద్యులు. కళ్లు తెరవడం లేదు కాబట్టి వినదులే అనుకోవడం పొరపాటు. ఆ ధీమాతోనే కొందరు మంచం పక్కనే దినాల ఖర్చు కూడా మాట్లాడేస్తుంటారు.