లంబసింగి చలికి డాఫోడిల్ పూస్తుందా?

ప్రశ్న: మాది చింతపల్లి మండలం. నిరుడు అక్టోబరులో ఆన్‌లైన్‌లో డాఫోడిల్ దుంపలు తెప్పించి నాటాను. ఆకులు ఏపుగా వచ్చాయి, ఒక్క పువ్వూ రాలేదు. మా దగ్గర ఇంత చలి ఉన్నా ఎందుకు పూయలేదు? ఈసారి ఎకరంలో వేద్దామనుకుంటున్నాను.
– ఒక రైతు, అల్లూరి సీతారామరాజు జిల్లా

జవాబు: ఎకరం ఆలోచన మానుకోండి. మీ సాగులో లోపమేమీ లేదు, ఎరువులు పెంచినా ఫలితం మారదు.

డాఫోడిల్‌లో పూమొగ్గ నాటాక పుట్టేది కాదు. అంతకు ముందు వేసవిలోనే, ఆకులు ఎండే వేళకు, దుంప లోపల తయారవుతుంది. ఆ మొగ్గ కాడ సాగి బయటికి రావాలంటే సుమారు 12 నుంచి 16 వారాలు 9 డిగ్రీల లోపు చల్లదనం ఎడతెగకుండా తగలాలి. లంబసింగిలో తెల్లవారుజామున ఎంత వణికించినా మధ్యాహ్నానికి ఎండ కాసి నేల వేడెక్కుతుంది. టూరిస్టులకు ఆ చలి చాలు గానీ దుంపకు చాలదు. మొగ్గ లోపలే మాడిపోతుంది. పూయని దుంపను సీజన్‌లోనే నిలువుగా కోస్తే నడిమధ్యన, ఆకుల మొదట్లో గోధుమరంగు తిరిగిన చిన్న మొగ్గ చాలాసార్లు కనిపిస్తుంది. ఇంగ్లండులో చలికాలమంతా నేల చల్లగానే ఉంటుంది కాబట్టి శరదృతువులో నాటినవి ఎక్కువగా ఫిబ్రవరి–ఏప్రిల్ మధ్య పూస్తాయి.

ముచ్చట తీర్చుకోవాలంటే కుండీల్లో ప్రయత్నించండి. కొత్త దుంపలను కాస్త తడి ఉన్న కొబ్బరిపొట్టులో, చిల్లులున్న కవరులో పెట్టి సెప్టెంబరు నుంచి నవంబరు చివరి దాకా ఫ్రిజ్ కింది అరలో ఉంచండి, ఫ్రీజర్‌లో వద్దు. పక్కన యాపిల్, అరటిపండ్లు ఉండకూడదు, వాటి నుంచి వచ్చే వాయువుకు మొగ్గ చస్తుంది. కవరు మీద పేరు రాయండి, ఉల్లిపాయలనుకుని ఎవరైనా కూరలో వేస్తే ప్రమాదం. ఈ దుంప విషం, పశువులకూ అంతే. డిసెంబరు మొదట్లో నీడపట్టున నాటితే జనవరి చివర్లోనో ఫిబ్రవరిలోనో పూయవచ్చు. పూలయ్యాక ఆకులు కోయకండి. అయినా మన వేసవికి అదే దుంప మరుసటి ఏడు పూస్తుందన్న ఆశ పెట్టుకోవద్దు. ఏటా కొత్త దుంపలు కొనాల్సిందే, ఎకరం గిట్టుబాటు కాదన్నది అందుకే. పైగా ఇది దండలకు పనికొచ్చే పువ్వు కాదు.

అమ్మకానికే అయితే గ్లాడియోలస్ చూడండి. దానికి ఇంత చలి అక్కర్లేదు. అక్టోబరులో నాటితే రకాన్ని బట్టి రెండున్నర, మూడు నెలల్లో కోతకొస్తుంది. ముందు రెండు సెంట్లలో వేసి, విశాఖలో కొనేవారితో మాట్లాడుకున్నాకే విస్తీర్ణం పెంచండి.